ఉప్పుగాలి ఊళ్ళో బ్రిటన్ లైటు కొనాలంటే

లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉన్న పిల్లలు సెలవులకొస్తూ సూట్‌కేసులో బట్టల మధ్య ఒక ఇత్తడి టేబుల్ లైటు పెట్టుకొస్తారు. లేదంటే ఇంటీరియర్ చేసేవాళ్ళు కొత్త ఫ్లాట్‌కి ఇంగ్లండ్ నుంచి తెప్పిద్దామని ఫోటోలు చూపిస్తారు, ధర వినగానే గుండె గుబేలుమంటుంది. ఆ డబ్బు పెట్టొచ్చా, పెడితే వస్తువులో ఏం చూసి పెట్టాలి, తెచ్చాక మన విశాఖ గాలిలో దాన్ని ఎలా నిలబెట్టుకోవాలి అన్నదాని గురించే రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెట్టె మీద దేశం పేరు చూసి డబ్బు ఇవ్వకండి. ఏ లోహంతో చేశారు, ముక్కలు ఎలా కలిపారు, విప్పి మళ్ళీ బిగించుకునేలా ఉందా అన్నవి చూసి ఇవ్వండి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, సాగర్ నగర్, రుషికొండ వైపు ఉండేవాళ్ళకి ఇది మరీ అవసరం, ఎందుకంటే అక్కడ కిటికీ గ్రిల్లు, ఏసీ బయటి యూనిట్టు ఎంత త్వరగా పాడవుతాయో వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. గోపాలపట్నం, పెందుర్తి వైపు ఉంటే కాస్త నిమ్మళం, కానీ తేమ మాత్రం ఊరంతటికీ ఒకటే.

నిజంగా అక్కడే చేశారా

బ్రిటిష్ బ్రాండు అయినంత మాత్రాన బ్రిటన్‌లో తయారైనట్టు కాదు. టామ్ డిక్సన్ లండన్ డిజైనర్, కానీ ఆయన పేరుతో బాగా అమ్ముడుపోయే బీట్ ఇత్తడి లైట్లు మన ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ పనివాళ్ళు చేత్తో సుత్తెదెబ్బలు కొట్టి చేసినవి. అందులో తక్కువతనం ఏమీ లేదు, నన్నడిగితే గర్వపడాల్సిన పని అది. కాకపోతే ఇంగ్లండ్ పనితనం అని చెప్పి ఎవరైనా మీ దగ్గర ఎక్కువ తీసుకుంటున్నప్పుడు ఏది ఎక్కడ తయారైందో మీకు తెలిసుండాలి.

సీఈ, యూకేసీఏ ముద్రలు చూసి అది బ్రిటన్ సరుకేనని చాలామంది అనుకుంటారు. ఆ ముద్రలు చెప్పేది ఊరి సంగతి కాదు, భద్రతా నిబంధనలు పాటించామని తయారుచేసినవాళ్ళు ఇచ్చే హామీ మాత్రమే, చైనాలో చేసిన లైటు మీద కూడా ఉంటాయి. అందుకని అమ్మేవాళ్ళని సూటిగా అడగండి: లోహం ఎక్కడ ఒత్తారు, గాజు ఎక్కడ ఊదారు, వైరు ఎక్కడ ఎక్కించారు? నిజంగా అక్కడ చేసేవాళ్ళు ఊరి పేరుతో సహా చెప్తారు. ఒరిజినల్ బీటీసీ కంపెనీ 1990లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైంది, దాని బోన్ చైనా షేడ్లు స్టోక్ ఆన్ ట్రెంట్‌లో తయారవుతాయి. టామ్ రాఫీల్డ్ వాళ్ళ ఆవిరిపట్టి వంచిన చెక్క లైట్లు కార్న్‌వాల్‌వి. ఇత్తడి పనికి బర్మింగ్‌హామ్‌ది పాతకాలం నుంచీ పేరు. అడిగినదానికి "యూరోపియన్ క్వాలిటీ సార్" అని మాట దాటేస్తే మీకు జవాబు వచ్చేసినట్టే.

ఇత్తడి దగ్గర తొందరపడొద్దు

ఎక్కువ మోసం జరిగేదీ, ఎక్కువ ఆనందం దొరికేదీ ఇత్తడిలోనే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

ఇత్తడి అంటే రాగి, జింక్ కలిసిన లోహం. రేకుని ఒత్తి షేడ్ చేయాలంటే అందులో రాగి 63 నుంచి 70 శాతం దాకా ఉండాలి, అప్పుడే చల్లగా ఉండగా ఒత్తినా పగుళ్ళు రాకుండా సాగుతుంది. హోల్డరు, కీలు, నట్టు లాంటి చిన్న ముక్కలకి రాగి 58 శాతం దగ్గర ఉండి కొంచెం సీసం కలిపిన ఇత్తడి వాడతారు. ఆ సీసం వల్ల లేతు మీద తరుగు చిన్న చిన్న ముక్కలుగా రాలిపోయి మర శుభ్రంగా దిగుతుంది. అంటే ఒకే లైటులో రెండు మూడు రకాల ఇత్తడి ఉంటుంది. కొత్తలో అన్నీ ఒకేలా మెరిసినా, కొన్నాళ్ళకి రంగులో చిన్న తేడా కనిపిస్తే కంగారు పడకండి.

గుండ్రటి షేడ్ ఎలా చేస్తారో తెలిస్తే దాన్ని పరీక్షించడం కూడా తెలుస్తుంది. బిళ్ళలా కత్తిరించిన రేకుని లేతులో అచ్చుకి ఆనించి బిగించి గిర్రున తిప్పుతారు. పొడవాటి పిడి ఉన్న పనిముట్టుని చంక కింద బిగపట్టుకుని పనివాడు ఒళ్ళంతా వాల్చి ఆ రేకుని మెల్లమెల్లగా అచ్చు మీదికి ఒత్తుతాడు, మధ్యలో రేకు గట్టిపడితే తీసి కాల్చి మెత్తబరిచి మళ్ళీ ఎక్కిస్తాడు. ఒక్కచోట ఎక్కువ ఒత్తితే అక్కడ రేకు పలచబడుతుంది, తక్కువ ఒత్తితే ముడత పడుతుంది. అందుకే షేడ్‌ని బయట చూడటం కన్నా లోపల వేలితో తడమండి. సన్నటి వలయాలు ఒకే తీరుగా తగిలితే మంచి పని. అంచు దగ్గర రేకుని లోపలికి చుట్టేసి ఉండాలి, ఆ చుట్టు ఎక్కడా విడిపోకూడదు, గోరు ఇరుక్కోకూడదు. ఆ చుట్టులో సందు ఉంటే మన ఊళ్ళో ఉప్పుతేమ వెళ్ళి కూర్చునేది అక్కడే, కిలుం మొదలయ్యేదీ అక్కడే.

పోతపోసిన భాగాలైతే, అంటే బేసు, చేయి, గోడకి ఆనే పలక లాంటివి, రెండు అచ్చులు కలిసిన చోట గీత మిగిలిందేమో చూడండి. బాగా చేసినవాటిలో ఆ గీతని ఆకురాయితో రుద్ది తీసేస్తారు, కనపడని అడుగువైపు కూడా. అడుగువైపు కూడా శ్రద్ధ పెట్టినవాడు లోపల వైరింగ్‌లో కక్కుర్తి పడడు అన్నది నా నమ్మకం.

నిజం ఇత్తడా, పూతా అన్నది తేల్చడానికి ఫ్రిజ్ మీద ఉండే చిన్న అయస్కాంతం చాలు. షేడ్‌కో బేసుకో అంటుకుంటే అది ఇనుము మీద ఇత్తడి పూత. స్ప్రింగులూ, లోపల వైరు నడిచే గొట్టమూ కొన్నిట్లో ఇనుమే ఉంటాయి, ఆ మాత్రానికి తప్పుపట్టక్కర్లేదు. అయితే అంటుకోనంత మాత్రాన ఇత్తడి అని కూడా నమ్మొద్దు, జింక్ పోత మీద పూత వేసినవి కూడా అయస్కాంతానికి అంటవు. అలాంటప్పుడు ఒక స్క్రూ విప్పించి మర లోపల రంగు చూడండి. లోపలంతా పసుపు ఉంటే ఇత్తడి, బూడిదరంగు తెలుపు కనిపిస్తే పూత. చేతికి బరువు ఎలా ఉండాలో తెలియకపోతే శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసిన ఇత్తడి సామాను ఒకసారి పట్టుకు చూడండి. భౌగోళిక గుర్తింపు వచ్చిన పని అది, మన ఉత్తరాంధ్రదే. దళసరి ఇత్తడి చేతిలో ఎలా ఉంటుందో తెలిశాక మీకు ఎవరూ వేరేగా చెప్పి నమ్మించలేరు.

ఇక పైపూత. షోరూములో ధగధగలాడేవాటికి సాధారణంగా లాకర్ పూత ఉంటుంది, గాలి తగలకుండా కాపాడే పారదర్శకమైన పొర. పొడి ఊళ్ళో అది ఏళ్ళ తరబడి ఉంటుంది. మన తీరంలో ఎక్కడో ఒక సూదిమొనంత చోట చిట్లుతుంది, అక్కడి నుంచి పొర కింద నల్లగా సాలెగూడులా పాకుతుంది, పైనుంచి ఎంత తుడిచినా పోదు, పూత అంతా తీయించి మళ్ళీ వేయించాల్సిందే. అందుకే సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్ళకి పూత లేని ఇత్తడే తీసుకోమంటాను. అది కొన్నాళ్ళకి తేనెరంగులోకి, తర్వాత గోధుమరంగులోకి తిరుగుతుంది. కొందరికి ఆ రంగు నచ్చదు, ఎప్పుడూ మెరవాలంటారు, వాళ్ళు తోమే ఓపిక ఉంటేనే కొనాలి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. అమోనియా కలిసిన క్లీనర్ ఇత్తడికి తగలనివ్వకండి. అద్దాలు తుడిచే స్ప్రేలు కొన్నిట్లో అది ఉంటుంది, సీసా మీద చదవండి. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో మన దేశంలోని సైన్యం దాచుకున్న ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో ఎవరూ ముట్టుకోకుండానే పగిలేవి. గుర్రపుశాలల్లో పెట్టేవారు కాబట్టి గుర్రాల మూత్రంలోంచి వచ్చిన అమోనియా, తేమ, రేకుని ఒత్తినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు, మూడూ కలిసి చేసిన పని అని 1921లో తేల్చారు. లైటు షేడ్ కూడా అలా ఒత్తిన రేకే, వానాకాలమూ ఇక్కడ అలాగే ఉంది. పూత లేని ఇత్తడికి మన చింతపండు గుజ్జు బాగానే పనిచేస్తుంది, కానీ ఉప్పు కలపకండి, మంచినీళ్ళతో పులుపంతా పోయేలా కడిగి వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. ఇది కూడా షేడ్ విప్పి విడిగా పెట్టుకున్నప్పుడే, వైరు ఉన్న భాగం జోలికి పోవద్దు. లాకర్ ఉన్నదానికి, కావాలనే పాతబడినట్టు రంగు తెప్పించినదానికి చింతపండు అసలు వద్దు.

బోన్ చైనా మన ఊరికి బాగా నప్పుతుంది

బోన్ చైనా అంటే ఒక రకం పలచటి పింగాణీ, నిజంగానే ఎముకల బూడిదతో చేస్తారు. సుమారు సగం బూడిద, మిగతా సగంలో చైనా క్లే, కార్న్‌వాల్ రాయి పొడి. 1700ల చివర్లో స్టోక్‌లో స్పోడ్ కుటుంబం ఈ పాళ్ళని కుదిర్చింది, ఇప్పటికీ దాదాపు అదే లెక్క నడుస్తోంది. పలచటి మట్టి పాలని ప్లాస్టర్ అచ్చులో పోస్తారు, ప్లాస్టర్ నీటిని పీల్చుకుంటూ ఉంటే గోడ చుట్టూ పొర కడుతుంది, సరిపడా మందం రాగానే మిగిలిన పాలు ఒంపేస్తారు. తర్వాత 1200 డిగ్రీల పైన కాలుస్తారు, ఆ వేడిలో అది మెత్తబడి, కుంచించుకుని, ఒకపక్కకి ఒరిగిపోవాలని చూస్తుంది. అందుకే పెద్ద షేడ్ పలచగా, పూర్తి గుండ్రంగా వచ్చిందంటే ఆ ధరలో సగం ఆ బట్టీ దగ్గరి నైపుణ్యానిదే.

పరీక్ష తేలిక. ఫోన్ టార్చి లోపల పెట్టి చూడండి. బోన్ చైనా అయితే వెలుగు వెచ్చగా బయటికి వస్తుంది, లోపల మీ వేళ్ళ నీడ కనిపిస్తుంది. మామూలు పింగాణీ మందంగా ఉంటే వెలుగు అక్కడే ఆగిపోతుంది. వేలితో మెల్లగా తడితే సన్నటి గంటలా మోగాలి, బొంగురుగా మోగితే ఎక్కడో సన్న పగులుంది. ఉప్పుగాలి దీన్ని ఏమీ చేయలేదు, తడిగుడ్డతో తుడిస్తే సరి. పాడయ్యేది దాన్ని పట్టుకున్న లోహపు రింగు, స్క్రూలు. ఆ స్క్రూలని చేత్తో ఆనేంతవరకే బిగించండి, స్క్రూడ్రైవర్‌తో బలం పెడితే షేడ్ చిట్లుతుంది. సముద్రం వైపు గదికి ఏదైనా ఒక్కటే చెప్పమంటే నేను చెప్పేది ఇదే, 2700 కెల్విన్, అంటే వెచ్చటి పసుపు వెలుగిచ్చే ఎల్ఈడీ బల్బు వేసుకుంటే ఆ వెలుగు చూడటానికి ఎంత బాగుంటుందో.

గాజు గురించి ఎక్కువ చెప్పను. చేత్తో ఊదినదైతే మందం కొంచెం మారుతుంది, ఎక్కడో ఒక బుడగ ఉంటుంది, జత కొంటే రెండూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండవు. అది లోపం కాదు. నోటి దగ్గర అంచు మాత్రం నున్నగా సానబట్టి ఉండాలి, గరుకుగా ఉంటే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. పక్కనున్న ఇత్తడి కోసం గాజుని కూడా విడిగా తీసి తుడవండి.

చెక్క, బట్ట, కొలిమి ఇనుము మాత్రం ఆలోచించి తీసుకోవాలి. ఆవిరిపట్టి వంచిన ఓక్, యాష్ చెక్క చూడటానికి చాలా అందంగా ఉంటుంది, కానీ తేమకి ఉబ్బి ఎండకి ముడుచుకుంటుంది, అతుకుల దగ్గర ఆ తేడా కనపడుతుంది. ఏసీ నడిచే గదిలో, కిటికీకి దూరంగా అయితే ఫర్వాలేదు. చేత్తో మడతలు కుట్టిన సిల్కు, లినెన్ షేడ్లకి వానాకాలంలో బూజు మరకలు వస్తాయి, లోపలి ఫ్రేము తీగ తుప్పు పట్టి బట్ట మీదికి దిగుతుంది. తేనెమైనం పట్టించిన ఇనుప లైట్లు ఇంగ్లండ్ పల్లెటూరి ఇళ్ళ కోసం చేసినవి, బీచ్ రోడ్డు బాల్కనీకి అస్సలు కాదు.

ఓడ దీపాలు, స్ప్రింగు దీపాలు

షిప్‌యార్డు ఉన్న ఊళ్ళో ఓడ దీపాల గురించి మాట్లాడకపోతే ఎలా. లండన్ రేవుల దగ్గర 1885లో మొదలైన డేవీ కంపెనీ ఓడల సామాను చేసేది, ఇప్పుడు ఆ నమూనాల్లోనే ఇళ్ళకి లైట్లు వస్తున్నాయి. పోత ఇత్తడి ఒళ్ళు, మందపాటి గాజు, చుట్టూ రబ్బరు రింగు, పైన కడ్డీల పంజరం. ఇవి పుట్టిందే ఉప్పునీటి కోసం కాబట్టి బాల్కనీకి, మెట్లకి, గేటు స్తంభానికి ఇంతకన్నా మంచి ఎంపిక నాకు కనపడదు. కొనేటప్పుడు ఐపీ నంబరు అడగండి, దుమ్ముకీ నీళ్ళకీ ఎంతవరకు ఆగుతుందో చెప్పేది అది. ఐపీ44 అంటే చిందే నీళ్ళకి ఆగుతుంది. తుఫాను గాలికి జల్లు అడ్డంగా కొట్టే చోట ఐపీ65 లేదా పైది ఉండాలి, హుద్‌హుద్ చూసినవాళ్ళకి ఎందుకో తెలుసు. గుజరాత్‌లోని అలంగ్‌లో ఓడలు విప్పినప్పుడు వచ్చే పాత దీపాలు కూడా దొరుకుతాయి. వాటి ఒంటికి ఏమీ కాదు కానీ లోపలి వైరు, హోల్డరు, రబ్బరు రింగు మొత్తం మార్పించాలి. గోడకి బిగించేటప్పుడు మామూలు ఇనుప స్క్రూలు వాడనివ్వకండి. ఇత్తడి, ఇనుము తడిలో ఒకదానికొకటి తగిలి ఉంటే ఇనుమే ముందు తినేయబడుతుంది, ఓ ఏడాదికి లైటు బాగానే ఉంటుంది, స్క్రూ తల ఊడి చేతికొస్తుంది. 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్క్రూలు అడిగి తెప్పించుకోండి.

స్ప్రింగు టేబుల్ లైటు అంటే యాంగిల్‌పాయిజ్. కార్ల సస్పెన్షన్ మీద పనిచేసిన జార్జ్ కార్వర్డైన్ అనే ఇంజినీరు 1932లో దాని మీద పేటెంటు తీసుకున్నారు, రెడ్డిచ్‌లో స్ప్రింగులు చేసే హెర్బర్ట్ టెర్రీ కంపెనీ తయారుచేసింది, అందరికీ తెలిసిన మూడు స్ప్రింగుల 1227 మోడల్ 1935లో వచ్చింది. పాతది దొరికితే ముందు చేయి చాచి వదలండి. ఎక్కడ వదిలితే అక్కడ నిలబడాలి, కిందికి జారితే స్ప్రింగు సాగిపోయిందని అర్థం. స్ప్రింగు చుట్ల మధ్య తుప్పు ఉంటే మాత్రం బేరమాడకుండా వదిలేయండి. కొత్తదైతే కుట్టుమిషను నూనె గుడ్డకి అద్ది స్ప్రింగు మీద పలచగా రాస్తూ ఉండాలి.

వైరు కలిపే ముందు

కరెంటు విషయంలో మనం అదృష్టవంతులం. అక్కడా ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్, కన్వర్టర్ అక్కర్లేదు. పిన్ను హోల్డరు, అంటే బీ22, అక్కడిదీ మనదీ ఒకటే, ఏ వీధి కొట్లో అయినా బల్బు దొరుకుతుంది. స్క్రూ రకం ఈ27 కూడా సులువే. అయితే చిన్న టేబుల్ లైట్లకి బీ15 అని బుల్లి పిన్ను హోల్డరు ఉంటుంది, దానికి బల్బులు ఇక్కడ వెతుక్కోవాలి, లైటుతోపాటే నాలుగు తెచ్చుకోండి. షేడ్ విడిగా కొంటే రింగు కొలత చూడండి, బీ22 హోల్డరుకి సుమారు 29 మిల్లీమీటర్ల రంధ్రం, ఈ27కి 40 దాకా కావాలి.

వాళ్ళ ప్లగ్గు చదరపు పిన్నులది, 1947లో వచ్చిన బీఎస్ 1363 అనే బ్రిటిష్ ప్రమాణం ప్రకారం చేసినది. మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు వాళ్ళు అంతకుముందు వాడినదాని వారసత్వమే. వాళ్ళ ప్లగ్గులో లోపల చిన్న ఫ్యూజు ఉంటుంది, లైటుకి మామూలుగా 3 ఆంపియర్లది. ప్లగ్గు కత్తిరించి మనది పెడితే ఆ రక్షణ పోతుంది. కాబట్టి ఆ లైన్‌కి 6 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి), ఇంటికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇప్పుడు అసలు ప్రమాదం రంగుల్లో ఉంది. వాళ్ళ వైరులో గోధుమరంగు ఫేజ్, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ పసుపు చారలది ఎర్త్. మన గోడల్లో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజ్ రంగులే, నలుపు న్యూట్రల్. త్రీఫేజ్ ఉన్న ఇంట్లో పనిచేసి చేసి అలవాటైన ఎలక్ట్రీషియన్‌కి నీలం కనపడగానే చేయి ఫేజ్ వైపే వెళ్తుంది. పని మొదలుపెట్టకముందే మీరు పక్కన నిలబడి, అతను అడిగేదానికి ఇలా చెప్పాలి:

"గురువుగారూ, నీలం ఫేజే కదండీ?"

"కాదు బాబూ, ఇది అక్కడి వైరు, నీలం న్యూట్రల్. గోధుమరంగుది స్విచ్చి నుంచి వచ్చే ఫేజ్‌కి ఇయ్యి. ఎర్త్ వదిలేయకు."

"ఎర్త్ ఎందుకండీ, లైటే కదా."

"ఒళ్ళంతా ఇత్తడి బాబూ, పిల్లలు ముట్టుకుంటారు. ఇచ్చీ."

రెండు చదరాలు ఒకదానిలో ఒకటి ఉన్న గుర్తు లైటు మీద ఉంటేనే ఎర్త్ లేకపోయినా ఫర్వాలేదు, అది డబుల్ ఇన్సులేషన్ గుర్తు. ఆ గుర్తు లేని లోహపు లైటుకి రెండే వైర్లు వస్తుంటే, పాత లైట్లలో ఇది మామూలే, మూడు వైర్లది ఎక్కించి ఒంటికి ఎర్త్ కలిపించాకే ప్లగ్గు పెట్టండి. వైరు లోపలికి వెళ్ళే చోట దాన్ని గట్టిగా పట్టుకునే క్లిప్పు ఉండాలి, లాగితే బరువు కనెక్షన్ మీద పడకూడదు. మంచి పనితనం ఉన్న లైటులో ఈ క్లిప్పు, ఎర్త్ స్క్రూ రెండూ విప్పగానే ఎదురుగా కనిపిస్తాయి. వేలాడే లైటు బరువు స్లాబులోని హుక్కుకే పడాలి, ఫాల్స్ సీలింగ్ ప్లాస్టర్ దాన్ని మోయదు.

తుడవడం, దాచుకోవడం

సముద్రం కనిపించే గదిలో అయితే వారానికోసారి ఎంసీబీ దించి, మంచినీళ్ళలో తడిపి బాగా పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఒత్తండి. పొడిగుడ్డతో మాత్రమే తుడిస్తే ఉప్పు పోదు, గీతలు పడతాయి. వానలు మొదలయ్యే ముందు, ఆగాక, లోహం మీద మైనం పలచగా పట్టించండి. బ్రిటిష్ మ్యూజియంలో పురావస్తువుల కోసం రూపొందించిన రినైసాన్స్ వ్యాక్స్ ఇక్కడికీ తెప్పించుకోవచ్చు, ఒక చిన్న డబ్బా చాలా కాలం వస్తుంది. లైటు వేడిగా ఉన్నప్పుడు రాయకండి.

కొన్న రోజే అమ్మినవాళ్ళ దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి: ఫినిష్ పేరు, లాకర్ ఉందా లేదా, హోల్డరు రకం, షేడ్ విడిగా అమ్ముతారా, స్క్రూలూ రబ్బరు రింగులూ పంపుతారా, ఎన్నేళ్ళ దాకా పంపుతారు. ఎల్ఈడీని లోపలే అతికేసిన లైటు అయితే ఆ ముక్క మార్చుకునే వీలుందో లేదో తప్పకుండా అడగండి. లేదంటే మామూలు హోల్డరు ఉన్న మోడలే తీసుకోండి, ఇత్తడి యాభై ఏళ్ళు ఉంటుంది కానీ ఆ ఎల్ఈడీ ఉండదు. విప్పినప్పుడు వచ్చిన వాషర్లు, చిన్న స్క్రూలు, ఆ కాగితం అన్నీ ఒక జిప్ కవర్‌లో వేసి, ఎంసీబీ బాక్సు పక్కనే పెట్టేయండి, రేపు ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు వెతుక్కోకుండా.